తొలి ధ్వనిముద్రణ యంత్రాలు, వాటి జ్ఞాపకాలు

గాలిలో కలిసిపోయే మాటను పట్టి నిలిపి, కావాలన్నప్పుడు మళ్లీ వినిపించాలన్న ప్రయత్నంలో 19వ శతాబ్దం రెండో సగంలో తయారైన పరికరాలను తొలి ధ్వనిముద్రణ యంత్రాలు అంటారు. ఫోనాటోగ్రాఫు, ఫోనోగ్రాఫు, గ్రాఫోఫోను, గ్రామఫోను వీటిలో ముఖ్యమైనవి. తెలుగునాట వీటన్నిటికీ కలిపి నిలిచిన పేరు గ్రామఫోను పెట్టె. ఇవి వాడుకలోంచి తప్పుకుని అర్ధశతాబ్దం దాటింది. అయినా ఆ బాకా, దాని ముందు కూర్చున్న కుక్క, వాటి చుట్టూ పుట్టిన మాటలు ఇంకా మన మధ్యే తిరుగుతున్నాయి. యంత్రం రూపానికి దక్కిన ఈ ఆదరణ అది దాచిన గొంతులకు మాత్రం దక్కలేదు. హోటలు ముంగిట్లో ఇత్తడి బాకా మెరుస్తూ ఉంటుంది, దాని కింద రికార్డు తిరగదు. పాతసామాన్ల కొట్లో రికార్డుల కట్ట పడి ఉంటుంది, దాన్ని వినిపించే పెట్టె ఉండదు. ఈ యంత్రాల చరిత్ర పొడుగునా ఈ ఎడబాటు కనిపిస్తుంది.

మసి మీద గీతలు

పారిస్‌లో అచ్చుపని చేసే ఎదువార్ లియోన్ స్కాట్ ద మార్తన్‌విల్ 1857లో ఫోనాటోగ్రాఫుకు పేటెంటు తీసుకున్నాడు. గరాటు లాంటి గొట్టంలో మాట్లాడితే దాని చివరనున్న పొర అదిరేది. ఆ పొరకు అంటించిన సన్నని కుచ్చు, పొగచూరిన కాగితం మీద వంకర గీతలు గీసేది. అక్షరాలు చదివినట్టే ఆ గీతలను కూడా కంటితో చదవడం నేర్చుకోవచ్చని స్కాట్ ఆశ. దాన్ని తిరిగి పలికించాలన్న తలంపు ఆయనకు లేదు. 1860 ఏప్రిల్ 9న ఆయన 'ఓ క్లేర్ ద లా లూన్' అనే ఫ్రెంచి జానపదగీతాన్ని అలా కాగితానికెక్కించాడు. 148 ఏళ్ల తర్వాత, 2008లో, డేవిడ్ జియోవనోని, పాట్రిక్ ఫీస్టర్ తదితరుల 'ఫస్ట్ సౌండ్స్' బృందం లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల శాస్త్రవేత్తలతో కలిసి ఆ గీతలను కంప్యూటరు ద్వారా ధ్వనిగా మార్చింది. మొదట విన్నవారు ఎవరో ఆడపిల్ల పాడుతోందనుకున్నారు. వేగం సరిచూసుకున్నాక అది నెమ్మదిగా, జాగ్రత్తగా పాడుతున్న మగగొంతని, బహుశా స్కాట్ సొంత గొంతేనని తేలింది. తన గొంతు తిరిగి వినబడుతుందని ఊహించని మనిషి పాట ఇప్పుడు మనకు దొరికిన తొలి మానవ స్వరాల్లో ఒకటి.

గీసిన గీతను వెనక్కి పలికించవచ్చన్న ఆలోచన ఫ్రాన్సులోనే షార్ల్ క్రో అనే కవికి వచ్చింది. 1877 ఏప్రిల్‌లో ఆయన దాన్ని ముద్రవేసిన కవరులో పెట్టి ఫ్రెంచి శాస్త్ర అకాడమీకి అప్పగించాడు. యంత్రం మాత్రం చేయలేకపోయాడు. అదే ఏడాది చివర అమెరికాలో, న్యూజెర్సీలోని మెన్లో పార్కులో థామస్ ఆల్వా ఎడిసన్ గీసిచ్చిన బొమ్మను చూసి, ఆయన పనివాడు జాన్ క్రూసీ యంత్రం తయారుచేశాడు. గాడులు పడిన ఇత్తడి స్తంభం చుట్టూ పల్చని తగరపు రేకు చుట్టి, పిడి తిప్పుతూ ఎడిసన్ ఒక గొర్రెపిల్ల పాట చదివాడు. యంత్రం దాన్ని తిరిగి అప్పజెప్పింది. 1877 డిసెంబరు 7న న్యూయార్కులో 'సైంటిఫిక్ అమెరికన్' పత్రిక కార్యాలయంలో బల్లమీద పెట్టి చూపించారు. 1878 ఫిబ్రవరి 19న పేటెంటు చేతికొచ్చింది.

ఆ ఏడాది జూన్‌లో 'నార్త్ అమెరికన్ రివ్యూ'లో ఎడిసన్ తన యంత్రం ఎందుకెందుకు పనికొస్తుందో ఒక జాబితా రాశాడు. ఉత్తరాలు చెప్పి రాయించడం, చూపులేనివారికి పుస్తకాలు వినిపించడం, బొమ్మల చేత మాట్లాడించడం, గడియారం చేత వేళ చెప్పించడం అందులో ఉన్నాయి. సంగీతం జాబితాలో ఒక అంశం మాత్రమే. కన్నుమూయబోయే ఇంటివారి చివరి మాటలు దాచుకోవడం, భాషల ఉచ్చారణను ఉన్నదున్నట్టు నిలపడం కూడా ఆయన అప్పుడే చెప్పాడు. ఈ చివరి రెండిటికీ ఉన్న విలువ లోకానికి చాలా ఆలస్యంగా తెలిసింది.

రేకు యంత్రం ఊరూరా ప్రదర్శనగా తిరిగింది. రేకు మీది ధ్వని నాలుగైదు సార్లు వినేసరికి చెరిగిపోయేది, విప్పితే మళ్లీ సరిగా అమరేది కాదు. అందువల్ల ప్రదర్శన అయ్యాక ఆ రేకును ముక్కలు చేసి చూడవచ్చినవారికి పంచేవారు. తిరునాళ్లలో ప్రసాదంలా జనం వాటిని ఇళ్లకు పట్టుకెళ్లి పుస్తకాల మధ్య దాచుకున్నారు. ధ్వనిముద్రణకు తొలి స్మృతిచిహ్నం అదే. పలికే శక్తి పోయాక గుర్తుగా మిగిలిన రేకు ముక్క. 1878 జూన్‌లో సెయింట్ లూయీలో ముద్రించిన ఒక రేకు మాత్రం ముక్కలు కాకుండా న్యూయార్కు రాష్ట్రంలోని స్కెనెక్టడీ మ్యూజియంకు చేరింది. 2012లో దాన్ని కాంతితో చదివితే 78 సెకన్ల పాటు వాద్యం, పిల్లల పాటలు, మధ్యలో ఒక నవ్వు వినబడ్డాయి.

మైనం, లక్క

తగరపు రేకు తర్వాత మైనం వచ్చింది. వాషింగ్టన్‌లో అలెగ్జాండర్ గ్రాహం బెల్, ఆయన బంధువు చిచెస్టర్ బెల్, చార్లెస్ సమ్నర్ టెయింటర్ కలిసి నడిపిన వోల్టా ప్రయోగశాల, మైనం పూత మీద చెక్కే గ్రాఫోఫోనును తయారుచేసింది. 1886లో దానికి పేటెంట్లు వచ్చాయి. ఎడిసన్ కూడా మైనపు సిలిండరుకు మారాడు. వోల్టా వారు తమ ప్రయోగ ఫలితాలను పెట్టెల్లో పెట్టి స్మిత్సోనియన్ సంస్థకు అప్పగించారు. వాటిలో 1885 ఏప్రిల్ 15 నాటి అట్ట బిళ్ల మీది ధ్వనిని ఇటీవలి కాలంలో చదవగలిగారు. తన గొంతు వినమంటూ బెల్ తన పూర్తి పేరు చెప్పడం 2013లో లోకమంతా విన్నది. టెలిఫోను కనిపెట్టిన మనిషి గొంతు ఎలా ఉండేదో అంతవరకు ఎవరికీ తెలియదు.

సిలిండరును పక్కన పెట్టి పళ్లెం పట్టుకొచ్చినవాడు ఎమిల్ బెర్లినర్. జర్మనీలోని హానోవర్‌లో పుట్టి అమెరికా వెళ్లిన ఈయన 1887లో గ్రామఫోనుకు పేటెంటు తీసుకున్నాడు. ముల్లు లోతుకు దిగి లేవడానికి బదులు పక్కలకు ఊగుతూ చెక్కడం దీని ప్రత్యేకత. అంతకంటే పెద్ద సంగతి, ఒక అచ్చు నుంచి వేల ప్రతులు తీయవచ్చు. సిలిండరుకు మొదట్లో ఆ వీలు లేదు. గాయకుడు అదే పాటను రోజంతా మళ్లీ మళ్లీ పాడి కొత్త సిలిండర్లు నింపవలసి వచ్చేది. బెర్లినర్ పళ్లేన్ని ఇంటింటి వస్తువుగా మార్చినవాడు కామ్‌డెన్ ఊరి మెకానిక్కు ఎల్డ్రిడ్జ్ జాన్సన్. ఆయన స్ప్రింగు మోటారు పెట్టాడు. కీ తిప్పితే చాలు, పళ్లెం తనంత తాను తిరుగుతుంది.

1890ల మధ్య నుంచి ఆ పళ్లేనికి లక్క ముడిసరుకైంది. ఇక్కడ కథ మన నేల మీదికి వస్తుంది. చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు కట్టే జిగురును వడకట్టి బిళ్లలుగా చేసి, భారతదేశం ప్రపంచమంతటికీ ఎగుమతి చేసేది. ఛోటానాగపూర్, బెంగాల్ అడవులు దీనికి పుట్టిల్లు. పాండవులను కాల్చబోయిన లక్కయిల్లు, హైదరాబాదు లాడ్ బజారు గాజులు, ఏటికొప్పాక బొమ్మల నిగనిగ, ఇటలీ గాయకుడు కరుసో పాటను మోసిన పళ్లెం, అన్నిటిలోనూ ఉన్నది ఇదే పదార్థం. లక్కలో రాతిపొడి, నూలు పీచు, నల్లమసి కలిపి వేడి చేసి అచ్చువేసేవారు. రాతిపొడి కలపడానికి ఒక కారణం ఉంది. ఉక్కు ముల్లు తన గాడికి తగినట్టు అరగాలి. ముల్లే అరిగి గాడి నిలవాలని వాళ్ల ఎత్తు. అందుకే రికార్డు ప్రతి వైపుకీ కొత్త ముల్లు వేయమని చెప్పేవారు. ఆ నియమం పాటించనివాళ్ల ఇళ్లలో రికార్డులు బొంగురుపోయాయి. రెండో ప్రపంచ యుద్ధంలో లక్క సరఫరా ఇబ్బందిలో పడి అమెరికాలో 1942లో రేషను పెట్టారు. కొత్త రికార్డుల కోసం పాతవాటిని కరిగించారు. ఎన్ని పాత గొంతులు ఆ కొలిమిలో కలిసిపోయాయో లెక్క లేదు.

కుక్క బొమ్మ

ఈ యంత్రాల స్మృతిచిహ్నాలన్నిటికీ రాజు నిప్పర్ అనే కుక్క. 1884లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో పుట్టిన ఈ కుక్కను మార్క్ బరాడ్ పెంచుకున్నాడు. 1887లో మార్క్ చనిపోయాక అది అతని సోదరుడు, చిత్రకారుడు ఫ్రాన్సిస్ బరాడ్ దగ్గరికి చేరింది. ఇంట్లో ఫోనోగ్రాఫు మోగినప్పుడు బాకా ముందు కూర్చుని, తల పక్కకు వంచి, లోపల ఎవరున్నారా అన్నట్టు చూసేది. 1895లో నిప్పర్ చనిపోయింది. ఆ తర్వాతే ఫ్రాన్సిస్ ఆ చూపును గుర్తుచేసుకుని బొమ్మ వేశాడు. మొదట వేసింది సిలిండరు యంత్రాన్ని, నల్లని బాకాతో. 1899 ఫిబ్రవరిలో హక్కు నమోదు చేయించాడు. ఆ బొమ్మను కొనడానికి మొదట ఎవరూ ముందుకు రాలేదు.

బాకాకు ఇత్తడి రంగు వేస్తే బొమ్మ వెలుగుతుందని ఎవరో సలహా ఇస్తే, నమూనా కోసం ఆయన లండన్‌లోని గ్రామఫోన్ కంపెనీకి వెళ్లాడు. అక్కడి మేనేజరు విలియం బారీ ఓవెన్, ఫోనోగ్రాఫు తీసేసి తమ గ్రామఫోను వేస్తే బొమ్మను కొంటానన్నాడు. బొమ్మకు 50 పౌన్లు, హక్కుకు 50 పౌన్లు, మొత్తం 100 పౌన్లకు బేరం కుదిరింది. బరాడ్ పాత యంత్రం మీదే కొత్తది వేశాడు. అసలు పటాన్ని పక్క వెలుతురులో చూస్తే కింద దాగిన ఫోనోగ్రాఫు ఆకారం ఇప్పటికీ పైకి తేలుతుంది. ఆ తర్వాత కంపెనీ కోసం ఆయన అదే బొమ్మకు 24 నకళ్లు తన చేత్తోనే వేశాడు.

'హిజ్ మాస్టర్స్ వాయిస్' అన్నది ఆ బొమ్మ పేరు. అదే కంపెనీ పేరైంది. కుక్క కూర్చున్నది యజమాని శవపేటిక మీదనీ, వింటున్నది చనిపోయిన యజమాని గొంతనీ ఒక కథ ప్రపంచమంతా తిరిగింది. శవపేటిక మాట కల్పన. మార్క్ బరాడ్ గొంతు ఏ సిలిండరు మీదైనా ఉండేదనడానికి ఆధారమూ లేదు. అయినా జనం ఆ కథను వదలలేదు. పోయినవారి గొంతు మళ్లీ వినాలన్న కోరిక ఈ యంత్రానికి ప్రాణమని జనానికి ఎవరూ చెప్పకుండానే తెలుసు.

తెలుగు ఊళ్లలో ఇంగ్లీషు అక్షరాలు చదవలేనివాళ్లు కూడా ఆ రికార్డును 'కుక్క బొమ్మ రికార్డు' అని అడిగి కొనేవారు. అక్షరం రాని కొనుగోలుదారుకు బొమ్మే నమ్మకం. అమెరికాలో ఆల్బనీ నగరంలో ఒకప్పటి గోదాము పైకప్పు మీద 28 అడుగుల ఎత్తున నిప్పర్ విగ్రహం 1958 నుంచి నిలబడి ఉంది. కామ్‌డెన్‌లో జాన్సన్ స్థాపించిన విక్టర్ కంపెనీ భవన శిఖరానికి రంగుటద్దాల్లో నిప్పర్ ఉంది. ఆ కుక్కను పాతిపెట్టిన ఇంగ్లండులోని కింగ్‌స్టన్ పట్టణంలో ఒక సందుకు 2010లో 'నిప్పర్ ఆలీ' అని పేరు పెట్టారు. రాజకీయ వ్యాఖ్యల్లో, పైవాడి మాటను తు.చ. తప్పకుండా వల్లించేవాడిని మన పత్రికలు కూడా 'హిజ్ మాస్టర్స్ వాయిస్' అంటాయి. శ్రద్ధగా వినే ఒక జీవిని విధేయతకు గుర్తుగా మార్చేశాం. నిప్పర్‌కు ఇది న్యాయం కాదు.

మూడు నిమిషాల రాగం

గ్రామఫోన్ కంపెనీ తన నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్‌ను 1902లో తూర్పు దేశాలకు పంపింది. ఆయన కలకత్తాలో హోటలు గదినే స్టూడియోగా మార్చుకుని నవంబరులో ముద్రణ మొదలుపెట్టాడు. మొదట పాడింది నాటకశాలల నటీమణులు శశిముఖి, ఫణిబాల. కొద్దిరోజులకే గౌహర్ జాన్ వచ్చింది. పాట చివర ఆమె ఇంగ్లీషులో తన పేరు చెప్పేది. అచ్చు వేయడానికి మైనపు మూలాలను జర్మనీలోని హానోవర్‌కు పంపేవారు. అక్కడి పనివాళ్లకు ఏ గొంతు ఎవరిదో తెలియడానికి ఈ ఏర్పాటు. కార్ఖానా అవసరం కోసం పుట్టిన ఆ చిన్న వాక్యం, తన పేరు తానే చాటుకున్న ఒక కళాకారిణి సంతకంగా మిగిలింది. 1908లో కలకత్తా సియాల్దాలో కార్ఖానా రావడంతో అచ్చుపని మన దేశానికి వచ్చింది. తర్వాత అది డమ్‌డమ్‌కు మారింది. కలకత్తాలోనే హేమేంద్ర మోహన్ బోస్ సొంతంగా సిలిండర్లు చేసి స్వదేశీ ఉద్యమ కాలంలో రవీంద్రనాథ్ టాగోర్ గొంతును ముద్రించాడు.

అప్పట్లో మైక్రోఫోను లేదు. 1925 వరకు గాయకులు బాకాలోకి తల పెట్టి గొంతెత్తి పాడాల్సిందే. మృదంగం, తబలా లోతైన నాదం ముల్లుకు అందేది కాదు. హార్మోనియం, ఫిడేలు మాత్రం అందేవి. ఫిడేలు నాదం కూడా చాలక, జాన్ స్ట్రో అనే ఆయన పెట్టెకు బదులు బాకా తగిలించిన ఫిడేలు చేశాడు. రికార్డింగు గదుల్లో దాని అవసరం తీరిపోయినా, రుమేనియాలోని బిహోర్ ప్రాంతపు పల్లెల్లో అది జానపద వాద్యమై ఇప్పటికీ పెళ్లిళ్లలో మోగుతోంది. రికార్డింగు గదుల కోసం పుట్టిన ఒక పనిముట్టు పల్లె వాద్యంగా మారి బతకడం ఈ చరిత్రలో నాకు చాలా ఇష్టమైన మలుపు.

పది అంగుళాల పళ్లెం ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. గంటసేపు సాగే రాగం అందులో ఇమడాలి. ఆలాపన కురచైంది, పల్లవి, చరణం ముందుకొచ్చాయి. సంగీతం చెడిందని బాధపడినవారు ఉన్నారు. కానీ ఆ ఇరుకులోనే చిక్కగా పాడే నేర్పు పుట్టింది. తర్వాత సినిమా పాటకు అదే కొలతైంది. మద్రాసులో తొలినాళ్ల కర్ణాటక సంగీత రికార్డుల్లో త్యాగరాజ కీర్తనలకు పెద్ద వాటా ఉండేది. అందువల్ల తమిళ గాయకుల నోట తెలుగు పలుకు లక్క మీద చెక్కుకుపోయింది.

తెలుగు రికార్డులో పద్యం

తెలుగువారి సొంత ముద్ర నాటక పద్యంలో ఉంది. ఒక పద్యం, దాని వెనక రాగం, ఆఖరి పాదం మీద సాగదీత, ఇదంతా చక్కగా ఒక వైపున అమరిపోతుంది. పళ్లెం కొలత చూసుకుని పుట్టినట్టుగా ఉంటుంది మన పద్యం. రంగస్థలం మీద పేరు మోసిన కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటుల పద్యాలను వారిని ఎన్నడూ చూడని ఊళ్లు కూడా విన్నాయి. పౌరాణిక నాటకాలను అయిదారు పళ్లేల కట్టలుగా అమ్మేవారు. నాటక సమాజం ఊరికి రాని ఏడు కూడా హరిశ్చంద్రుడు ఆ ఊరివాళ్ల వాకిట్లో ఏడ్చేవాడు.

ఆ తర్వాత లలిత గీతం వచ్చింది. రావు బాలసరస్వతీదేవి ఆరేళ్ల వయసులోనే రికార్డుకు పాడింది. టంగుటూరి సూర్యకుమారి పాడిన శంకరంబాడి సుందరాచారి గీతం రికార్డు ద్వారానే ఇంటింటి పాటై, చివరికి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతమైంది. ఘంటసాల వెంకటేశ్వరరావు పాడిన కరుణశ్రీ 'పుష్పవిలాపం' విని పువ్వు కోయడం మానుకున్నామని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. పుస్తకంలో చదివిన పద్యాన్ని రికార్డు మనసుకు ఎంత దగ్గర చేయగలదో తెలియాలంటే ఆ ఒక్క పళ్లెం చాలు.

భాషలోనూ ఆ యంత్రం దిగబడింది. చెప్పిందే చెప్పేవాడిది 'అరిగిపోయిన రికార్డు'. మాట మార్చేవాడు 'ప్లేటు ఫిరాయిస్తాడు'. ఆ మాట వింటే రికార్డును తిరగేసే చెయ్యే కళ్లముందు మెదులుతుంది. జాతరల్లో పాట రికార్డు పెట్టి ఆడే ఆటకు 'రికార్డింగ్ డాన్సు' అని పేరు. ఇప్పుడు పాట వచ్చేది ఫోను లోంచి, పేరు మాత్రం మారలేదు. అప్పట్లో పెళ్లి పందిరికి మైకు సెట్టు కట్టడం అంటే తాటిచెట్టంత ఎత్తున బాకా కట్టి కింద గ్రామఫోను తిప్పడమే. ఊరి పొలిమేరలో పాట వినబడితే ఎవరింట శుభకార్యమో చెప్పేసేవారు.

గొంతుల కొట్లు

యంత్రం పాటలు అమ్ముతుండగానే కొందరు పండితులు దాన్ని భాషల వెంట పంపారు. 1890 మార్చిలో జెస్సీ వాల్టర్ ఫ్యూక్స్ అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పాసమక్వాడీ ఆదివాసుల పాటలు, కథలు సిలిండర్లకెక్కించాడు. క్షేత్రంలో జరిగిన ధ్వనిముద్రణకు అదే ఆరంభం. 1899లో వియన్నాలో, 1900లో బెర్లిన్‌లో ఫోనోగ్రామ్ ఆర్కైవులు వెలిశాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో బెర్లిన్ దగ్గరి శిబిరంలో బందీలుగా ఉన్న భారత సైనికుల గొంతులనూ జర్మన్ పండితులు ముద్రించారు. పంజాబీ యువకుడు మల్ సింగ్ 1916లో తన ఊరి వెన్న తలుచుకుంటూ చెప్పిన మాటలు అందులో ఉన్నాయి. భాష నమూనా కోసం తీసిన రికార్డులో ఇల్లు చేరాలన్న దిగులు చిక్కుకుంది. భారతీయ భాషా సర్వేక్షణ నడిపిన జార్జి గ్రియర్సన్ కాలంలో, 1913 నుంచి 1929 దాకా, ఈ దేశపు భాషలనూ మాండలికాలనూ గ్రామఫోను పళ్లేల మీద నిలిపారు. టాస్మేనియా ఆదివాసి స్త్రీ ఫానీ కొక్రేన్ స్మిత్ 1899లో, 1903లో పాడిన పాటలు, ఆ దీవి ఆదివాసుల పాటలకు మిగిలిన తొలి ధ్వని సాక్ష్యం. 1979లో అమెరికా ప్రభుత్వం మొదలుపెట్టిన ఫెడరల్ సిలిండర్ ప్రాజెక్టు, తాతల పాటలను ప్రతులు తీసి ఆ తెగలకే తిరిగి ఇచ్చింది. ఏ స్మృతిచిహ్నానికైనా ఇంతకంటే మంచి గమ్యం ఉండదు.

దాచుకునే వస్తువులు, మోసపోయే వస్తువులు

సేకరించేవారికి అన్నిటికంటే చవకగా, అందంగా దొరికేది ముళ్ల డబ్బా. అరచేతిలో ఇమిడే రేకు డబ్బా, లోపల సాధారణంగా 200 ఉక్కు ముళ్లు, మూత మీద కుక్కో, నెమలో, దేవతో. ఒక్కో ముల్లూ ఒక్కసారే వాడాలి కనుక డబ్బాలు కుప్పలుగా మిగిలాయి. చాలా ఇళ్లలో అవి గుండీలకూ, సూదులకూ, ముక్కుపొడికీ వాడకంలోకి వచ్చాయి. రికార్డు కవరు మీది కొట్టు పేరు, కంపెనీల జాబితా పుస్తకాలు, లేబుళ్లు ఊళ్ల చరిత్రకు పనికొచ్చే సాక్ష్యాలు. ఒక పాట ఏ ఏడు వచ్చిందో తేల్చడానికి రికార్డు గాడుల పక్కన గీరిన అంకె చాలా సార్లు ముఖ్యమైన ఆధారం.

ఎడిసన్ 1890లో అమ్మిన మాట్లాడే బొమ్మ మరో తరహా అపురూపం. దాని పొట్టలో చిన్న ఫోనోగ్రాఫు, వెనక పిడి. ఒక్కో బొమ్మకు ఆడపిల్లలు కూర్చుని విడివిడిగా పాట చెప్పేవారు. గొంతు కీచుగా వచ్చి పిల్లలు జడుసుకున్నారు, కొద్ది వారాలకే అమ్మకం ఆగింది. ఆ అమ్మాయిల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. బొమ్మలు వేలంలో పెద్ద ధర పలుకుతాయి. మన దేశంలో అచ్చయిన బీటిల్స్ బృందపు, నిమిషానికి 78 చుట్లు తిరిగే పళ్లేల కోసం విదేశీ సేకర్తలు వెతుకుతారు. చాలా దేశాల్లో ఆ వేగం అటకెక్కాక కూడా, 1960ల చివరి దాకా డమ్‌డమ్ కార్ఖానా వాటిని అచ్చేసింది. కరెంటు లేని పల్లెల్లో కీ పెట్టెలే పాడేవి మరి.

పాతవస్తువుల బజార్లలో ఇప్పుడు దొరికే బాకా గ్రామఫోనుల్లో చాలావాటికి పాతకాలంతో సంబంధం లేదు. కొత్తగా సాగగొట్టిన ఇత్తడి బాకా, మరేదో పాత పోర్టబుల్ పెట్టె మోటారు, పైన తళతళలాడే కుక్క బొమ్మ, ఈ మూటిని కలిపి మన దేశంలోనే తయారుచేసి అమ్ముతున్నారు. అసలు యంత్రాల బాకాలు చాలావరకు రేకువీ, చెక్కవీ. ఇత్తడి మెరుపు ఎక్కువగా ఉంటే అనుమానించాలి. కొన్నవాళ్లు మోసపోవడం సరే, నకలు చేయడానికి పనికొచ్చే మోటారు కోసం మంచి పోర్టబుల్ పెట్టెలు విప్పేయడం నిజంగా బాధాకరం.

మాటల్లోనూ నకళ్లున్నాయి. మొదటి గ్రామఫోను రికార్డు మీద మాక్స్ ముల్లర్ ఋగ్వేదపు తొలి సూక్తం చదివాడని ఒక కథ ఫోన్లలో ఏళ్లుగా తిరుగుతోంది. అందులో ఎడిసన్ యంత్రం, బెర్లినర్ పళ్లెం, కుక్క బొమ్మ కంపెనీ అన్నీ కలగలిసిపోయాయి. దానికి ఏ ఆధారమూ లేదు. 1893 నాటి వివేకానందుని షికాగో ప్రసంగం పేరుతో వినిపించే గొంతు కూడా ఆయనది కాదు. ఆ సభలో ధ్వనిముద్రణ జరగలేదు. అసలు రికార్డులు ఇంట్లో అరలకెక్కి బూజు పడుతుంటే లేని రికార్డు గురించి గర్వపడటం, ఉన్నదాన్ని వినకపోవడం రెండూ ఒకే జబ్బు.

మన దగ్గర ఈ వస్తువులను కాపాడినది ఎక్కువగా వ్యక్తులే. బొబ్బిలి రాజవంశపు సంగీత, నృత్య విమర్శకుడు వి.ఎ.కె. రంగారావు మద్రాసులో పోగుచేసిన రికార్డుల భాండారం లిమ్కా బుక్‌లోకి ఎక్కింది. వేలాది పాటల వెనక వివరాలు ఆయన వ్యాసాల ద్వారానే తెలుగు పాఠకులకు తెలిశాయి. కేరళలో కొట్టాయం జిల్లా ప్లాశనాల్‌లో ఒక ఇల్లే గ్రామఫోను మ్యూజియం అయింది. ఇంట్లో పాత రికార్డు ఉన్నవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా పెట్టాలి. స్పిరిటుతో తుడవకూడదు, స్పిరిటు లక్కను కరిగించేస్తుంది. మైనపు సిలిండరైతే వేళ్ల చెమ్మకే బూజు పడుతుంది.

ముల్లు లేకుండా చదవడం

విరిగిన పళ్లేన్నీ, బూజు తిన్న సిలిండరునూ ముల్లు తాకితే అదే చివరిసారి కావచ్చు. బర్క్‌లీ ప్రయోగశాలలో కణభౌతిక పరిశోధకుడు కార్ల్ హేబర్, విటాలీ ఫదేయెవ్‌తో కలిసి దీనికి దారి కనిపెట్టాడు. గాడిని తాకకుండా సూక్ష్మంగా ఫొటో తీస్తారు, ముల్లు ఎలా ఊగేదో కంప్యూటరు లెక్కగడుతుంది. మొదట ప్రయోగించిన పాటలోని పేరును బట్టి దీనికి 'ఐరీన్' అని పేరు పెట్టారు. ఎడిసన్ బొమ్మల గొంతులు, బెల్ గొంతు, సెయింట్ లూయీ రేకు ఈ తరహా పద్ధతులతోనే మళ్లీ పలికాయి. స్కాట్ కోరుకున్నట్టే గీతను కంటితో చదవడం ఒకటిన్నర శతాబ్దం తర్వాత ఇలా కుదిరింది.

ఎడిసన్ రేకు పలికిన సరిగ్గా వందేళ్లకు, 1977లో, అమెరికా వాళ్లు వాయేజర్ వ్యోమనౌకలు రెండిటికీ ఒక్కో గ్రామఫోను పళ్లెం బిగించారు. 12 అంగుళాల రాగి పళ్లెం, పైన బంగారు పూత. నిమిషానికి పదహారు పైచిలుకు చుట్లు తిరిగితే అది పలుకుతుంది. అందులో కేసర్‌బాయి కేర్కర్ భైరవి పాడింది. 55 భాషల పలకరింపుల్లో తెలుగు కూడా ఉంది. పళ్లెంతో పాటు దాన్ని వినడానికి ముల్లును కూడా పెట్టి, ఎలా తిప్పాలో, ముల్లు ఎక్కడ ఆనించాలో మూత మీద బొమ్మలుగా చెక్కి పంపారు.